కోడి నడక - కెమెరా కన్ను

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కోడి పేరు వినగానే కూర సంగతేమోనని కాగితం, పెన్సిలు పట్టుకు కూర్చున్నవాళ్ళు వాటిని కాస్త పక్కన పెట్టాలి. ఇవాళ నేను కోడికూర గురించి చెప్పడానికి రాలేదు. కోడి నడక గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. నడకలో ఏముంది, అది నడుస్తుంది, మనం వండుకుంటాం, అంతేగా అని మా ఇంట్లోనే అన్నారు. అంతే అయితే ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అంత పేరున్న ప్రొఫెసరు, అందులోనూ ఒక స్త్రీ, కోళ్ళ నడకను కెమెరాతో కొలవడానికి ఏళ్ళ తరబడి ఎందుకు శ్రమపడతారు చెప్పండి?

పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునే ఇల్లాలికి వాటిలో ఒకటి కుంటుతోందని ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దున్నే గంప తీసి గుప్పెడు నూకలు చల్లితే మూడు పరుగెత్తుకొస్తాయి, ఒకటి వెనకబడుతుంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దాన్ని పట్టుకుని, కాలు తిప్పి చూస్తుంది. ముల్లు గుచ్చుకుందా, దారం చుట్టుకుందా, వేలు వాచిందా అని చూసి, ఇంత పసుపు రాసి, ఆ పూటకి గంప కింద విడిగా ఉంచుతుంది. మా అమ్మ అయితే దానితో మాట్లాడేది కూడా. నాలుగు కోళ్ళు, నాలుగు పేర్లు. ఇందులో కంప్యూటరు పని ఏమీ లేదు.

కాని ఒకే షెడ్డులో ఇరవై వేల కోళ్ళు ఉంటే? మా ఆడపడుచు వాళ్ళ ఊరు షాద్‌నగర్ అవతల. ఆ చుట్టుపక్కల అలాంటి షెడ్లు వరసగా కనిపిస్తాయి. నేను గుడ్లు పెట్టే కోళ్ళ మాట చెప్పడం లేదు, అవి బోనుల్లో ఉంటాయి. మాంసానికి పెంచే బ్రాయిలరు కోళ్ళు నేల మీద, వరి ఊక పరిచిన షెడ్డులో తిరుగుతాయి. ఇరవై వేల కోళ్ళను ఒక్కొక్కదాన్ని ఒక్క సెకను చొప్పున చూసినా ఇరవై వేల సెకన్లు, అంటే అయిదున్నర గంటల పైమాటే. తిండీ నీళ్ళూ మానుకుని చూసినా ఒక కోడికి దక్కేది ఒక్క సెకను. ఆ సెకనులో అది నిలబడి ఉందా, కూర్చుని ఉందా అని తెలుస్తుంది కాని, ఎందుకు కూర్చుందో తెలియదు. కోడి ఊరికే కూర్చున్నా, కాలు నొప్పి పుట్టి కూర్చున్నా పైనుంచి చూస్తే ఒకలాగే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

అసలు ఈ కోళ్ళకు కాళ్ళ బాధ ఎందుకు వస్తుందో ముందు చెప్పుకోవాలి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పని చేశారు. 1957 నాటి కోళ్ళ జాతినీ, 1978 నాటి జాతినీ ఎలా ఉన్నవాటిని అలాగే మార్పు లేకుండా కాపాడుకుంటూ వచ్చారు. వాటి పక్కన 2005 నాటి బ్రాయిలరు జాతిని పెట్టి, మూడింటికీ ఒకే మేత వేసి పెంచారు. 56 రోజులకు తూచి చూస్తే, 1957 జాతి 905 గ్రాములు, 1978 జాతి 1808 గ్రాములు, 2005 జాతి 4202 గ్రాములు తూగాయి. 2014లో ఈ లెక్క ప్రచురించారు. మేత ఒక్కటే, రోజులూ అవే, తూకం మాత్రం నాలుగున్నర రెట్లకు మించి పెరిగింది. పెరిగింది ఎక్కువగా రొమ్ము దగ్గరి మాంసం. ఎనిమిది వారాల పసి ఎముకల మీద అంత బరువు పడితే ఏమవుతుందో, నెలల పిల్లాడికి బియ్యం బస్తా ఎత్తి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ కాళ్ళ జబ్బులు ఒక రకం కావు. కాలి ఎముక చివర మెత్తని మృదులాస్థి సమయానికి గట్టిపడి ఎముకగా మారాలి, కొన్నిటిలో అది మారకుండా ముద్దలాగా మిగిలిపోతుంది. కొన్నిటికి కాలు బయటకో లోపలికో వంకర తిరుగుతుంది. ఇంకొకటి మరీ బాధాకరమైనది. బరువుకు తొడ ఎముక తల దగ్గర కంటికి కనపడనంత సన్నని పగుళ్ళు పడతాయి. రక్తంలో తిరిగే సూక్ష్మక్రిములు ఆ పగుళ్ళలో చేరి ఎముకను కుళ్ళబెడతాయి. అమెరికాలో ఆర్కాన్సా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ వైడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు దీని మీద ఎంతో పని చేశారు. ఇవి కాక, ఊక తడిసి ముద్దయితే అందులోంచి వచ్చే అమ్మోనియా వల్ల పాదాలూ, కాలి కీళ్ళూ కాలినట్లు నల్లబడతాయి. వానాకాలంలో కోళ్ళ షెడ్డు పక్కనుంచి వెళ్ళినవాళ్ళకు ఆ ఘాటు ముక్కుకు తగిలే ఉంటుంది. మనకు ఒక్క నిమిషం తగిలేది వాటికి ఇరవై నాలుగు గంటలూ తగులుతుంది.

ఎన్ని కోళ్ళకు ఈ బాధ? ఇంగ్లండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1992లో ఒక కొలబద్ద తయారుచేశారు. సున్నా నుంచి అయిదు వరకు మార్కులు. చక్కగా నడిచే కోడికి సున్నా. ఏదో తేడా ఉంది, చెప్పలేం అన్నదానికి ఒకటి. తేడా స్పష్టంగా ఉంటే రెండు. కుంటు వల్ల తిరగడమే తగ్గిపోతే మూడు. తరిమితే తప్ప కదలనిదానికి నాలుగు. అసలు నడవలేనిదానికి అయిదు. మన పరీక్షల్లో ఎక్కువ మార్కులు వస్తే సంతోషం, ఇక్కడ మాత్రం తలకిందులు. ఈ కొలబద్దతోనే 2008లో ఇంగ్లండులో 176 మందల్లో 51 వేల కోళ్ళను చూశారు. సుమారు నలభై రోజుల వయసులో నూటికి 27.6 కోళ్ళు సరిగా నడవలేకపోతున్నాయి, 3.3 దాదాపు కదలలేని స్థితిలో ఉన్నాయి. ఇది ఆ దేశం లెక్క, అప్పటి లెక్క. అదే నిష్పత్తి మన ఇరవై వేల షెడ్డుకు వేసి చూస్తే కుంటేవి అయిదు వేల అయిదు వందల పైన, కదలలేనివి 660. ఆరు వందల అరవై! మా వీధి మొత్తం మనుషుల్ని కలిపినా అంతమంది ఉండరు.

కోడికి నొప్పి తెలుస్తుందా, కుంటు వేరు నొప్పి వేరు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నోరు లేదు, డాక్టరు దగ్గరకు వెళ్ళి చెప్పుకోలేదు. 2000వ సంవత్సరంలో బ్రిస్టల్ వాళ్ళే దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు రంగుల మేత పెట్టారు. ఒక రంగు మేతలో కార్ప్రొఫెన్ అనే నొప్పి మందు కలిపారు, రెండో దాంట్లో కలపలేదు. ఏ రంగు మేత తింటే ఎలా ఉంటుందో కోళ్ళు నేర్చుకున్న తర్వాత, ఏది కావాలో వాటికే వదిలేశారు. కుంటే కోళ్ళు మందు కలిపిన మేతను మామూలు కోళ్ళకంటె ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటు ఎంత ఎక్కువైతే, ఆ మేత భాగం అంత పెరిగింది. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు మరో పని తోచలేదు. తలనొప్పి వస్తే గూట్లో ఉన్న మాత్ర వెతుక్కునే మనకూ, ఆ మేత తొట్టి వెతుక్కున్న కోడికీ ఏమి తేడా ఉంది?

ఆ ఏడాదే మరో లెక్క కూడా వచ్చింది. బాగున్న బ్రాయిలరు కోడి రోజులో నూటికి 76 వంతుల కాలం కూర్చునో పడుకునో ఉంటుంది. అసలే అది బద్ధకపు జాతి. కుంటేది 86 వంతుల కాలం అలా ఉంటుంది. బాగున్నవి రోజుకు యాభై సార్లకు పైగా మేత దగ్గరకు వెళ్తే, బాగా కుంటేవి ముప్ఫై సార్లే వెళ్తాయి. వెళ్ళినా సగం సేపు కూర్చునే తింటాయి. అంటే నొప్పి ఒక్కటే కాదు, ఆకలీ దాహమూ తీర్చుకోవడానికి కూడా అది లెక్క చూసుకుని అడుగు వేయాలన్నమాట.

మరి మనుషులే మార్కులు వేస్తున్నారు కదా, యంత్రం దేనికి? మార్కులు వేయడానికి నేర్పుగల మనిషి కావాలి. ఆ మనిషి షెడ్డంతా తిరిగి కొన్ని కోళ్ళనే చూడగలుగుతాడు. ఒకరు రెండు వేసిన కోడికి ఇంకొకరు మూడు వేస్తారు. పొద్దున ఓపికగా వేసినవాడే సాయంకాలం అయ్యేసరికి ఎలాగో ఒకలాగ ముగిస్తాడు. ఒక షెడ్డులోంచి మరో షెడ్డుకు వెళ్ళేటప్పుడు చెప్పులతోపాటు జబ్బులు కూడా వెళ్తాయి. పైగా ఈ పరీక్ష చాలామటుకు కోడిని అమ్మే ముందు చేస్తారు. అప్పుడు తెలిసి ఏం లాభం? పెళ్ళి అయిపోయాక జాతకాలు చూసినట్లు.

ఇక్కడికి ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు గారు వస్తారు. ఆవిడ పేరు మేరియన్ డాకిన్స్. జంతువుల మనసు, వాటి బాధ అనే విషయాల మీద ఎన్నో ఏళ్ళుగా పని చేశారు. 2004లో పది పెద్ద కోళ్ళ కంపెనీలను ఒప్పించి, వాళ్ళ షెడ్లలోనే 27 లక్షల కోళ్ళ మీద ఒక పరిశీలన చేశారు. ఎన్ని కోళ్ళను ఇరికించారన్నదానికంటె, షెడ్డులో గాలి, వేడి, తేమ, ఊక తడి ఎలా ఉన్నాయన్నది కోళ్ళ బాగోగులను ఎక్కువగా నిర్ణయిస్తుందని తేలింది. ఇరికించడం మంచిదని ఆవిడ అనలేదు, మరీ ఇరికిస్తే నడక చెడుతుందని కూడా అందులోనే ఉన్నది. కాని అందరూ ఒక్క లెక్క పట్టుకుని కొట్లాడుకుంటుంటే, ముందు తడి ఊక సంగతి చూడమన్నారు. నాకు ఆవిడ అక్కడే నచ్చారు. ఇల్లు ఇరుకైనా పొడిగా, గాలి తగిలేలాగా ఉంచుకోవడం ఎంత పనో మనకు తెలుసు.

తర్వాత 2009 నుంచి ఆవిడా, స్టీఫెన్ రాబర్ట్స్ అనే ఇంజనీరింగు ప్రొఫెసరూ మరికొందరూ కలిసి ఒక కొత్త పద్ధతి తెచ్చారు. దాన్ని ఆప్టికల్ ఫ్లో అంటారు. దృశ్యంలో ప్రవాహం అనుకోండి. నా చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది, నాకు అర్థమైనంత వరకు నా మాటల్లో చెప్తాను.

తీర్థం రోజున మేడ మీద నిలబడి కింద రోడ్డు చూశారనుకోండి. అంత ఎత్తునుంచి ఎవరి మొహమూ తెలియదు, ఎవరు ఎవరో గుర్తు పట్టలేం. కాని జనం కదలిక తెలుస్తుంది. ఎక్కడ సాఫీగా సాగుతోంది, ఎక్కడ ఆగింది, ఎక్కడో ఒక ముసలమ్మ అరుగు మీద కూలబడితే జనం ఆవిడ చుట్టూ ఎలా పాయలుగా విడిపోతున్నారు, ఇవన్నీ కనిపిస్తాయి. ఈ కంప్యూటరు చేసేది కూడా అదే. షెడ్డులో పెట్టిన కెమెరా బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా విడదీస్తుంది. ఒక క్షణానికీ మరుక్షణానికీ ప్రతి గడిలో వెలుగు నీడలు ఎంత మారాయో చూసి, అక్కడ ఎంత కదలిక ఉందో లెక్క కడుతుంది. ఏ కోడినీ విడిగా గుర్తు పట్టదు, కాలికి పట్టీ కట్టదు, వీపున చీటీ అంటించదు. మొత్తం మంద కదలికనే ఒక ప్రవాహంగా చూస్తుంది.

ఇందులో సొగసు ఏమిటంటే, సగటు ఒక్కటే చూడరు. కోళ్ళన్నీ ఆరోగ్యంగా ఉంటే గళ్ళన్నిటిలో కాస్తో కూస్తో కదలిక ఉంటుంది, అంకెలు ఇంచుమించు ఒక తీరుగా వస్తాయి. కుంటేవి ఎక్కువైతే చాలా గళ్ళు నిశ్చలంగా ఉంటాయి, కొన్ని గళ్ళలో మాత్రం బాగున్న కోళ్ళు చకచకా పోతుంటాయి. సగటు తగ్గుతుంది, దానితోపాటు అంకెల పంపకం ఎగుడుదిగుడుగా మారుతుంది. చారెడు బియ్యం అందరికీ సమంగా వడ్డించడం వేరు, అంతా ఇద్దరి కంచాల్లోనే కుమ్మరించడం వేరు కదా! గణితంలో ఈ ఎగుడుదిగుడుకు పేర్లూ కొలతలూ ఉన్నాయట. అవి పెరిగిన మందల్లో చనిపోయిన కోళ్ళు, కీళ్ళు కాలినవి, కుంటేవి ఎక్కువగా ఉన్నట్లు ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు చూపించారు. అందులోనూ 2012లో అచ్చయిన పనిలో, మొదటి రోజుల కదలిక చూసి తర్వాత ఎలా ఉండబోతోందో ముందే అంచనా వేయవచ్చని చెప్పారు. పెళ్ళికి ముందే జాతకం చూడటం అంటే ఇది.

దీనికి మన వంటింటితో కూడా ఒక సంబంధం ఉంది. 2016లో వాళ్ళే ఇంకో సంగతి ప్రచురించారు. క్యాంపైలోబాక్టర్ అని ఒక సూక్ష్మక్రిమి ఉంది. కోడి కడుపులో ఉండి, సరిగా ఉడకని మాంసం ద్వారా మనిషికి చేరి విరేచనాలు తెప్పిస్తుంది. ఆ క్రిమి పట్టబోయే మందల కదలిక, పుట్టిన మొదటి ఏడు నుంచి పది రోజుల్లోనే తేడాగా ఉందని కెమెరా పట్టుకుంది. ఈ క్రిమి గురించే 2014లో బ్రిటన్ ప్రభుత్వ ఆహార సంస్థ పచ్చి కోడి మాంసాన్ని కుళాయి కింద కడగవద్దని ప్రచారం చేసింది, ఆ తుంపరలు చుట్టుపక్కల గిన్నెలన్నిటి మీదా పడతాయని. కడగకుండా వండమంటే మన ఇళ్ళలో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కనీసం ధార కట్టకుండా, లోతైన గిన్నెలో నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళు చిందకుండా పారబోసి, చేతులూ కత్తిపీటా సబ్బుతో కడుక్కుంటే చాలావరకు మేలు. పక్కనే కోసిన ఉల్లిపాయలూ, కొత్తిమీరా పెట్టుకోకండి.

సరే, కెమెరాల దగ్గరకు వద్దాం. బెల్జియంలో లువెన్ విశ్వవిద్యాలయంలో డానియెల్ బెర్క్‌మాన్స్ అనే ఆచార్యుల బృందం కప్పుకు కెమెరాలు బిగించి కోళ్ళు ఎక్కడెక్కడ ఎలా సర్దుకున్నాయో చూసే పద్ధతి తయారుచేసింది. హాలండులో ఒక కంపెనీ దాన్ని అమ్మకానికి కూడా తెచ్చింది. మేత గొట్టం ఆగిపోయినా, నీళ్ళు రాకపోయినా, దీపాలు పోయినా కోళ్ళు ఉండవలసిన చోట ఉండవు. అది చూసి కంప్యూటరు రైతుకు కబురు పెడుతుంది. 2013లో ప్రచురించిన పరీక్షలో ఇటువంటి సంఘటనల్లో నూటికి 95 దాకా పట్టుకుంది. 2017లో ఇదే కెమెరాతో కుంటును కూడా అంచనా వేసి చూశారు. ఎలాగంటారా? ఒక మనిషి షెడ్డులో నడిచి వెళ్తాడు. బాగున్న కోళ్ళు లేచి పక్కకు తప్పుకుంటాయి, కాళ్ళు బాగాలేనివి లేవవు. ఆ నిమిషంలో మంద ఎంత కదిలిందో పైనుంచి కెమెరా కొలుస్తుంది. మనం వాకిలి ఊడుస్తూ చీపురుతో హుష్ అంటే లేవని కోడిని చూసి, దీనికేదో అయిందే అనుకోమూ? సరిగ్గా అదే. మా అత్తగారికి ఇది చెప్తే, దీనికి డాక్టరేట్లు ఇస్తారా అని నవ్వారు. ఇస్తారు మరి, ఇరవై వేల కోళ్ళను ఒక్కసారి హుష్ అనగలిగితే!

ఒక్కొక్క కోడిని పరీక్షించే పద్ధతులు కూడా ఉన్నాయి. వెడల్పాటి తొట్టిలో మూడు సెంటీమీటర్ల లోతు గోరువెచ్చని నీళ్ళు పోసి కోడిని నిలబెడతారు. కోడికి నీళ్ళలో కూర్చోవడం ఇష్టం ఉండదు. ఓపిక ఉన్నంతసేపు నిలబడుతుంది, కాళ్ళు సహకరించకపోతే కూర్చుంటుంది. ఎంతసేపు నిలబడిందన్నదే కొలత. 2002లో వచ్చిన పద్ధతి ఇది. వినడానికి నిష్ఠూరంగా ఉంది కాని, ముందు కోసి ఎముకలు చూడటం కంటె నయమే. కోడి ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతసేపటికి కూర్చుంది అనేది కెమెరాతోనే లెక్కపెట్టే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి. అడుగు వేసేటప్పుడు కాలు ఎంత బరువు మోపుతోందో కొలిచే పలకలు, కాలి వేడిని చూపే పరారుణ కెమెరాలు కూడా వాడి చూశారు. 2022లో అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం వాళ్ళు, నడిచే కోడి వీడియోలో దాని శరీరం మీద కొన్ని స్థానాలను కంప్యూటరే గుర్తించి, అవి అడుగు అడుగుకూ ఎలా కదులుతున్నాయో చూసి కుంటును చెప్పేలాగా చేశారు. ఇవి ఇంకా ఎక్కువగా ప్రయోగశాల ముచ్చట్లే. కోళ్ళు ఒకదాని మీద ఒకటి పడి తిరిగే షెడ్డులో ఒక్కొక్కదాన్ని విడదీసి చూడటం అంత తేలిక కాదు.

ఇక నా సందేహాలు కూడా చెప్పాలి. మన ప్రాంతంలో బ్రాయిలరు షెడ్లు చాలామటుకు పక్కలు తెరిచి, ఇనప వల కొట్టి, గోనె పరదాలు వేలాడదీసినవి. పై దేశాల కెమెరాలు మూసిన షెడ్లలో, ఒకే తీరు దీపాల కింద నేర్చుకున్నాయి. కంప్యూటరు చూసేది వెలుగు నీడల మార్పు అని చెప్పాను కదా. మన షెడ్డులో ఎండ పొడ జరుగుతుంది, మబ్బు పడుతుంది, గాలికి పరదా ఊగుతుంది, ఫ్యాను నీడ తిరుగుతుంది. అవన్నీ కోడి కదలికలేనని అది పొరపడకుండా మళ్ళీ నేర్పాలి. కొనుక్కొచ్చి మేకుకు తగిలిస్తే అయిపోయే పని కాదు.

రెండో సందేహం పెద్దది. మందలో కుంటు పెరిగిందని చెప్పే యంత్రం, కుంటేది ఏదో చెప్పదు. ఆ కబురు అందిన తర్వాత ఒక మనిషి లోపలికి వెళ్ళాలి, వంగాలి, చూడాలి. కదలలేని కోడిని పట్టుకుని నీళ్ళ దగ్గర వేరుగా పెట్టాలా, బాధ తీరేలాగా చంపేయాలా అన్నది అక్కడ నిర్ణయించాలి. షెడ్డు పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేమీ కాదు. ఊక తిరగేసేదీ, చచ్చిన కోళ్ళను బుట్టకెత్తేదీ చాలా చోట్ల వాళ్ళే. కెమెరా వచ్చింది కదా, ఇద్దరు చేసే పని ఒకరు చాలు అని యజమాని అనుకుంటే, కబురు అందుతుంది కాని వెళ్ళేవాళ్ళు ఉండరు. కెమెరా ఉంది కనక ఇంకో రెండు వేల కోళ్ళు వేసుకోవచ్చు అనుకున్నా అంతే. డాకిన్స్ గారు కూడా 2021లో ఈ ప్రశ్న వేస్తూ రాశారు. యంత్రం వల్ల జంతువుకు మేలా, కీడా? మేలు అంటే ఏమిటో ముందు తేల్చుకున్నామా? యంత్రం కొలిచేది అదేనా? కొలిచాక నిజంగా మార్పు వస్తుందా? అని.

మార్పు తేవడానికి దారులు ఉన్నాయి, అవి పాత దారులే. 2008 పరిశీలనలో, చీకటి గంటలు తక్కువగా ఉన్న మందల్లో, కోళ్ళు మరీ ఎక్కువగా వేసిన మందల్లో నడక చెడింది. మేతలో గోధుమ గింజలు అలాగే కలిపి వేసిన చోట కొంత నయంగా ఉంది. రాత్రంతా దీపాలు వేసి ఉంచితే కోడి తింటూనే ఉంటుంది, తూకం వస్తుంది, ఎముకకు విశ్రాంతి దొరకదు. అందుకే ఐరోపా దేశాల చట్టం రోజుకు ఆరు గంటల చీకటి ఉండాలనీ, అందులో నాలుగు గంటలు ఎడతెరిపి లేకుండా ఉండాలనీ అంటుంది. చీకటికి ఖర్చు లేదు, పైగా కరెంటు మిగులుతుంది. అయినా నిమిత్తమాత్రపు రైతు చేతిలో ఉన్నది ఎంత? చాలా చోట్ల పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందులు కంపెనీవి. పెంచినందుకు కిలోకి ఇంత అని రైతుకు కూలి. నలభై రోజులకు ఎంత తూకం అన్నదే అతని అన్నం. ఏ జాతి పిల్ల తేవాలో అతను చెప్పలేడు. కనక కెమెరా అంకెలు రైతు తప్పు పట్టుకోవడానికి మాత్రమే వాడితే అన్యాయం. ఆ అంకెలు పిల్లల్ని పంపినవాళ్ళ దగ్గరకు కూడా వెళ్ళాలి. ఫలానా మందలో ఇన్ని కుంటాయి, ఊక పొడిగానే ఉంది, చీకటి ఇచ్చాం, మరి పిల్లలోనే ఉందా లోపం అని అడగడానికి రైతుకు ఇన్నాళ్ళూ రుజువు లేదు. యంత్రం వల్ల రైతుకు ఒరిగేది ఏదైనా ఉంటే అదేనని నా అభిప్రాయం.

హైదరాబాదులో రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వపు కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు పెరటి పెంపకానికి వనరాజా అనే రంగు కోడిని తయారుచేశారు. బ్రాయిలరంత తొందరగా బరువెక్కదు. తిరిగి, గీరి, వెతుక్కుని తినే కోడి అది. తెచ్చి పెంచుకునే సోదరీమణులు మన శ్రోతల్లో ఉండే ఉంటారు. వాళ్ళకు కెమెరా అక్కరలేదు కాని, చూపు ఎటు పెట్టాలో చెప్తాను. పొద్దున గింజలు చల్లి, ఏది ఆఖరున వచ్చిందో చూడండి. వరసగా రెండు రోజులు అదే ఆఖరున వస్తే పట్టుకోండి. నిలబడి తింటోందా, కూర్చుని తింటోందా చూడండి. అరికాలు తిప్పి నల్లటి మచ్చ ఉందేమో, కీలు దగ్గర వేడిగా ఉందేమో చేత్తో తడిమి, రెండో కాలితో పోల్చుకోండి. గూట్లో ఊక పిడికిట పట్టి నొక్కి వదలండి. ముద్దగా నిలిస్తే అది తడి ఊక, తీసేసి కొత్తది వేయండి. పొడిపొడిగా రాలితే ఫరవాలేదు. నొప్పి మందులు మాత్రం సొంతంగా వేయకండి, పశువుల డాక్టరును అడగండి. మనుషుల మాత్రలు విరిచి వేసేవాళ్ళను చూశాను, అది పనికిరాదు.

షెడ్లలో పనిచేసే అక్కచెల్లెళ్ళు ఎవరైనా వింటుంటే, మీరు లోపలికి అడుగు పెట్టిన మొదటి నిమిషంలో లేవని కోళ్ళు ఏ మూల ఎక్కువగా ఉన్నాయో గమనించి, ఆ మూల పైన నీళ్ళ గొట్టం కారుతోందేమో చూడండి. కారుతుంటే ఆ పూటే చెప్పి బాగుచేయించండి.